60-40 దగ్గర చెడిన పోరాటాలు: భయపడి తప్పుకున్నారా, బేరం తెగలేదా?

చివరి గంట
మా ఇంట్లో ఒక వాదన వారం రోజులుగా నడుస్తోంది. తీర్పు మీరు చెప్పాలి. 2023లో హెవీవెయిట్ బాక్సర్లు టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్ పోరు చేతిదాకా వచ్చి చెడిపోయింది కదా, అది ఫ్యూరీ భయం వల్లేనని మా అన్నయ్య అంటాడు. అది తెగని బేరం మాత్రమేనని నేనంటాను. మరుసటి ఏడాది ఇద్దరూ తలపడ్డారు, భయం ఉన్నవాడు బరిలోకి ఎందుకు దిగుతాడని నా ప్రశ్న. "దిగాడు, ఓడాడు, ముందు ఎందుకు దిగలేదో అప్పుడే తెలిసింది" అని తన జవాబు. ఒక బాక్సర్ ప్రత్యర్థిని తప్పించుకుంటున్నాడని మీరు దేన్ని చూసి చెబుతారు?

ఎడమచేతి వాటం
నా ఓటు మీ అన్నయ్యకే. జరిగిన క్రమం చూడండి. ఆదాయంలో తనకు 70, ఉసిక్‌కు 30 వాటా అయితేనే వస్తానని ఫ్యూరీ వీడియో పెట్టాడు. ఆలస్యం చేసిన ప్రతి రోజుకూ ఉసిక్ వాటాలో ఒక్కో శాతం కోస్తానని కూడా బెదిరించాడు. అప్పటికి ఉసిక్ దగ్గర మూడు ప్రపంచ ఛాంపియన్ బెల్టులు, ఫ్యూరీ దగ్గర ఒకటి. అలాంటి షరతు పెడితే ఎదుటివాడు ఛీ కొట్టి పోతాడనే ఎవరైనా అనుకుంటారు. ఉసిక్ మార్చి 10న "సరే" అన్నాడు. యుక్రెయిన్‌కు పది లక్షల పౌండ్లు విరాళం ఇవ్వమని మాత్రం అడిగాడు. ఏప్రిల్ 29న వెంబ్లీలో జరగాల్సిన పోరు మార్చి 22 నాటికి కుప్పకూలింది. ఈసారి పేచీ రీమ్యాచ్ దగ్గర.

నా కొలబద్ద ఇదే: అడిగింది ఇచ్చాక కొత్త షరతు పుట్టుకొచ్చిందంటే, ఆ షరతు డబ్బు కోసం కాదు, తప్పుకోవడం కోసం.

కాంట్రాక్టు పురుగు
ఎడమచేతి వాటం గారూ, కొలబద్ద వినడానికి బాగానే ఉంది కానీ కాగితం దగ్గర నిలవదు. 70-30 అంటే దేనిలో? టికెట్ల ఆదాయంలోనా, టీవీ హక్కులు కూడా కలిపా, ఖర్చులు పోయాకనా, పోకముందా? ఆ రాత్రి మిగతా పోరాటాల్లో ఆడేవాళ్ల డబ్బు ఎవరి వాటాలోంచి పోతుంది? వీడియోలో పలికే అంకె ఒకటే. ఒప్పందంలో దాని కింద నలభై పంక్తులు ఉంటాయి. రీమ్యాచ్ నిబంధన అందులో అతి పెద్ద పంక్తి. మొదటి పోరులో ఓడినవాడు రెండో దానికి ఎంత తీసుకుంటాడన్నది మొదటి పోరుకు ముందే తేలాలి. దాన్ని చివర్లో మాట్లాడుకోవడం కొత్త షరతు కాదు, పాత షరతులోని సగం.

అప్పుడు రెండు పక్షాలూ ఎదుటివాళ్లే అత్యాశకు పోయారన్నాయి. నాలుగు గోడల మధ్య ఎవరేమన్నారో మనకు చేరేది ప్రమోటర్ల నోటి ద్వారానే. ఎవరి ప్రమోటర్ వాళ్ల బాక్సర్‌నే పులి అంటాడు.

నీలి మూల
మరి ఆ తర్వాత ఎవరు ఎవరితో ఆడారో చూడండి. అది ప్రమోటర్ చెప్పే కథ కాదు, రికార్డులో ఉన్నది. ఉసిక్ ఆగస్టు 26న పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో తనకు తప్పనిసరి ప్రత్యర్థి అయిన డేనియల్ డుబోయితో ఆడి తొమ్మిదో రౌండ్‌లో ముగించాడు. ఫ్యూరీ అక్టోబర్ 28న రియాద్‌లో ఫ్రాన్సిస్ ఎన్‌గానుతో ఆడాడు. ఎన్‌గాను ఎమ్ఎమ్ఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన పోరాట క్రీడ) నుంచి వచ్చినవాడు, అంతకు ముందు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్క పోరు కూడా ఆడలేదు. పైగా మూడో రౌండ్‌లో ఫ్యూరీని కింద పడేశాడు! స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరి మొగ్గుతో, ఫ్యూరీ బతికి బయటపడ్డాడు.

పది లెక్కపెట్టు
సులువైన కూలి అనుకుని వెళితే నడ్డి విరిగినంత పనైంది :)

పాత గ్లోవ్స్
ఈ వేదికలో నాకంటే వయసులో పెద్దవాళ్లు తక్కువ కాబట్టి పాత ముచ్చట ఒకటి చెబుతాను. ఇప్పటి వాళ్లు బేరం అనగానే శాతాలే లెక్కపెడతారు. 1987 ఏప్రిల్ 6న లాస్ వెగాస్‌లో మార్విన్ హాగ్లర్, షుగర్ రే లెనార్డ్ తలపడ్డారు. హాగ్లర్‌కు ఖాయంగా 1 కోటి 20 లక్షల డాలర్లు, లెనార్డ్‌కు 1 కోటి 10 లక్షలు. పైకి చూస్తే ఛాంపియన్ గెలిచిన బేరం. ఆ పది లక్షల తేడాకు బదులుగా లెనార్డ్ ఏం కొనుక్కున్నాడో చూడండి. ఇరవై అడుగుల రింగు. పది ఔన్సుల గ్లోవ్స్. పదిహేను రౌండ్లకు బదులు పన్నెండు.

అంతకు ముందు ఐదేళ్లలో లెనార్డ్ ఆడింది ఒక్కటే పోరు. కాళ్ల మీద తిరిగి తప్పించుకునేవాడికి పెద్ద రింగు కావాలి. గట్టి దెబ్బలు కొట్టేవాడి గుద్దుల తాకిడిని దూది కొంత మింగాలంటే మెత్త గ్లోవ్స్ కావాలి. అలసిపోయేవాడికి పదమూడో రౌండ్ అనేదే ఉండకూడదు. మూడూ దొరికాయి. పన్నెండు రౌండ్లయ్యాక ఇద్దరు న్యాయనిర్ణేతలు లెనార్డ్‌కు, ఒకరు హాగ్లర్‌కు ఇచ్చారు. ఒకరు లెనార్డ్‌కు 118-110 పాయింట్లని రాశారు, అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. హాగ్లర్ ఆ తర్వాత మళ్లీ రింగులో దిగలేదు.

లెనార్డ్ తప్పించుకోలేదు. కానీ హాగ్లర్ మనుషులు డబ్బు సంచి లెక్కపెట్టుకుంటున్నప్పుడు అతను పోరు నడపాల్సిన నేలను కొలుచుకుంటున్నాడు. టేబుల్ దగ్గర పోరు గెలవడం అంటే ఇది.

ఎడమచేతి వాటం
పాత గ్లోవ్స్ గారూ, నేడు అదే పని బరువు తూకంతో చేస్తున్నారు. 2023లో జెర్వోంటా డేవిస్, ర్యాన్ గార్సియా ఒప్పందం గుర్తుందా? 136 పౌండ్ల క్యాచ్‌వెయిట్ (మామూలు బరువు విభాగం కాకుండా ఇద్దరూ ఒప్పుకున్న హద్దు), పైగా మర్నాడు ఉదయం మళ్లీ తూకం వేస్తే పది పౌండ్లకు మించి పెరగకూడదు. గార్సియా ఒళ్లు పెద్దది. తూకం కోసం ఎండిపోయిన మనిషి తిరిగి నీళ్లు నింపుకోవడానికి కూడా హద్దు గీశారన్నమాట. ఏడో రౌండ్‌లో పొట్ట మీద ఒక్క దెబ్బకు కూర్చుండిపోయాడు.

కాంట్రాక్టు పురుగు
దానికి గార్సియా సంతకం పెట్టాడు. ఇష్టం లేకపోతే పెట్టకుండా ఉండాల్సింది. పెట్టకపోయి ఉంటే మనమే అతన్ని పిరికివాడు అనేవాళ్లం, అది వేరే సంగతి.

మూడో న్యాయనిర్ణేత
కొత్త సభ్యుణ్ణి. ఒక చిన్న సందేహం. ఇద్దరు ప్రమోటర్లకూ కుదరకపోతే బెల్టు సంస్థలు బలవంతంగా పోరు జరిపించలేవా? పర్స్ బిడ్ అని ఏదో అంటారు, అదెలా నడుస్తుంది?

కాంట్రాక్టు పురుగు
జరిపించగలవు, కొంతవరకు. డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ ఈ నాలుగింటికీ తప్పనిసరి ప్రత్యర్థి పద్ధతి ఉంది. ర్యాంకుల్లో ముందున్నవాడితో ఛాంపియన్ ఆడాల్సిందేనని సంస్థ ఆదేశిస్తుంది. మాట్లాడుకోవడానికి గడువు ఇస్తుంది. ఆ లోపు తేలకపోతే వేలం. ఏ ప్రమోటరైనా మూసిన కవరులో తన అంకె రాసి ఇస్తాడు. కవర్లు అందరి ముందూ విప్పుతారు. ఎక్కువ రాసినవాడికి పోరు దక్కుతుంది. ఆ సొమ్ము ఇద్దరు బాక్సర్లకూ ఏ నిష్పత్తిలో పోవాలో ముందే తేలి ఉంటుంది.

ఫ్యూరీదే ఉదాహరణ. 2022 జనవరిలో డిలియన్ వైట్‌తో పోరుకు వేలం జరిగింది. ఫ్యూరీ ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ 4 కోట్ల 10 లక్షల 25 వేల డాలర్లు రాశాడు. ఎదుటి కవరులో ఉన్నది సుమారు 3 కోట్ల 22 లక్షలు. డబ్ల్యూబీసీ 80-20 అని తేల్చింది. మొత్తంలో పదో వంతు, అంటే 41,02,500 డాలర్లు, గెలిచినవాడికి అని పక్కన పెట్టారు. మిగిలిన దానిలో ఫ్యూరీకి 2,95,38,000, వైట్‌కు 73,84,500.

ఆ చివరి పాతిక వేలు నాకు భలే ఇష్టం. గుండ్రని అంకె రాస్తే ఎదుటివాడు కూడా అదే రాయొచ్చన్న భయంతో వేసిన కొసరు అది. తీరా కవర్లు విప్పితే తేడా 88 లక్షలు! వేలంలో గెలిచి కూడా తల పట్టుకోవడమంటే ఇలాగే ఉంటుందేమో.

పది లెక్కపెట్టు
ఆ ముందురోజు రాత్రి ఇద్దరూ ఒకే భోజనశాలలో కలిసి ఉంటే ఎంత మిగిలేదో!

నీలి మూల
వేలం గెలిచినా పోరు జరుగుతుందన్న నమ్మకం లేదు. 2021లో టియోఫిమో లోపెజ్, జార్జ్ కంబోసోస్ సంగతి చూడండి. ట్రిల్లర్ అనే సంస్థ 60 లక్షల 18 వేల డాలర్లు రాసింది. మరో ప్రమోటర్ మ్యాచ్‌రూమ్ 35 లక్షల 6 వేలు, లోపెజ్ సొంత ప్రమోటర్ టాప్ ర్యాంక్ 23 లక్షల 15 వేలు. సొంత ప్రమోటర్ దృష్టిలో తన విలువ ఎంతో లోపెజ్‌కు ఆ కవరు విప్పాకే తెలిసి ఉంటుంది. తర్వాత లోపెజ్‌కు కోవిడ్ వచ్చింది, తేదీ జరిగింది, మళ్లీ జరిగింది, వేదిక మారింది. చివరికి ట్రిల్లర్ మాట నిలబెట్టుకోలేదని ఐబీఎఫ్ తేల్చి పోరును మ్యాచ్‌రూమ్‌కు అప్పగించింది. నవంబర్ 27న కంబోసోస్ గెలిచాడు. ఈ తొమ్మిది నెలల్లో ఇద్దరి అభిమానులూ ఒకరినొకరు పిరికివాళ్లని తిట్టుకుంటూనే ఉన్నారు. నిజానికి జాప్యానికి ప్రధాన కారణం డబ్బు పెట్టాల్సినవాడు.

మూడో న్యాయనిర్ణేత
ధన్యవాదాలు. మరి ఛాంపియన్ ఆ ఆదేశాన్ని పట్టించుకోకపోతే?

పాత గ్లోవ్స్
బెల్టు చెత్తబుట్టలో వేస్తాడు. వెక్కిరించడం లేదు, నిజంగానే వేశారు. 1992 డిసెంబర్ 14న లండన్‌లో, పత్రికల వాళ్ల ముందు, రిడిక్ బో డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. ఆడాల్సింది లెనాక్స్ లూయిస్‌తో. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో తనను ఓడించిన లూయిస్‌తో. బదులుగా బో ఫిబ్రవరిలో మైకేల్ డోక్స్‌తో ఆడి మొదటి రౌండ్‌లోనే ముగించాడు. లూయిస్‌ను ఛాంపియన్‌గా ప్రకటించారు. వాళ్లిద్దరూ ప్రొఫెషనల్ రింగులో ఎప్పటికీ కలవలేదు.

దీనికి కాంట్రాక్టు పురుగు గారు ఏ నలభై పంక్తులు చూపిస్తారో చూడాలి.

కాంట్రాక్టు పురుగు
దీనికి చూపించను. ఒప్పుకుంటున్నాను. వాటా కుదరలేదనే మాట అక్కడా ఉంది కానీ, కుదరాలని కోరుకున్నవాడు బెల్టును అలా పడేయడు.

నీలి మూల
ఇక అసలు రోగం దగ్గరికి వద్దాం: ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పకియావ్. తప్పించుకున్నది మేవెదరే అని నా నమ్మకం, ఆరేళ్లుగా కాదు, పదిహేనేళ్లుగా.

ఎడమచేతి వాటం
అక్కడ నేను అటువైపు. 2009 చివర్లో చెరి సగం అని ఒప్పందం దాదాపు అయిపోయింది, తేదీ 2010 మార్చి 13. చెడింది డోపింగ్ పట్టుకునే రక్త పరీక్షల దగ్గర. ముందు చెప్పకుండా ఎప్పుడైనా రక్తం తీసుకోవచ్చన్న పద్ధతి కావాలని మేవెదర్ అడిగాడు. పోరుకు దగ్గర్లో రక్తం ఇస్తే నీరసిస్తానని పకియావ్ అన్నాడు. మధ్యవర్తి దగ్గర మేవెదర్ పోరుకు 14 రోజుల ముందు రక్తం తీయడం ఆపొచ్చన్నాడు, పకియావ్ పక్షం 24 రోజుల దగ్గర ఆగింది. పది రోజుల తేడా! ఆ పది రోజుల కోసం ఐదేళ్లు పోయాయి. ఆ మార్చి 13నే పకియావ్ జాషువా క్లాటీతో ఆడాడు. మే 1న మేవెదర్ ఆడింది షేన్ మోస్లీతో. నీలి మూల గారు చెప్పిన కొలబద్దతోనే చూస్తే మోస్లీ ఏమాత్రం తేలిక కాదు. రెండో రౌండ్‌లో మేవెదర్ మోకాళ్లు వణికించాడు.

నీలి మూల
తర్వాత పకియావ్ ఆ పరీక్షలకు ఒప్పుకున్నాడు కదా! అప్పుడేమైంది? 2012 జనవరిలో మేవెదర్ స్వయంగా ఫోన్ చేసి 4 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు, పే-పర్-వ్యూ (ఒక్కో ఇంటివాళ్లు డబ్బు కట్టి టీవీలో చూసే) ఆదాయంలో మాత్రం పైసా వాటా లేదన్నాడు. ఆ ఆదాయమే అసలు సొమ్ము అని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మీ కొలబద్ద మీదే: అడిగింది ఇచ్చాక కొత్త షరతు.

ఎడమచేతి వాటం
...సరే. ఇది నా నెత్తినే పడింది.

కాంట్రాక్టు పురుగు
ఒక తమాషా గమనించారా? 2010 జనవరిలో ఆ మధ్యవర్తిగా కూర్చున్న విశ్రాంత న్యాయమూర్తి డేనియల్ వైన్‌స్టీన్. 2021 మే నెలలో, ఆగస్టు 14న సౌదీలో మరో హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథోనీ జోషువాతో పోరు ఖాయమైందని ఫ్యూరీ ప్రకటించిన వెంటనే, ముందు డియోంటే వైల్డర్‌తో మూడోసారి ఆడాల్సిందేనని తీర్పు ఇచ్చిందీ ఆయనే. అంటే ఈ తరం చూడాలనుకున్న రెండు అతి పెద్ద పోరాటాలు ఒకే మనిషి టేబుల్ మీద ఆగాయి. తప్పు ఆయనది కాదు. ఆయన ముందున్న కాగితంలో వైల్డర్‌కు రీమ్యాచ్ హక్కు రాసి ఉంది. జోషువా సెప్టెంబర్‌లో ఉసిక్ చేతిలో ఓడిపోయాడు. దాంతో ఫ్యూరీ, జోషువా పోరు విలువ ఒక్క రాత్రిలో సగమైంది.

పాత గ్లోవ్స్
మేవెదర్, పకియావ్ పోరును చివరికి కదిలించిన వాళ్లలో హాలీవుడ్ దగ్గరి ఒక భోజనశాల వెయిటర్ కూడా ఉన్నాడని గుర్తుచేస్తున్నాను. అక్కడికి సీబీఎస్ అధిపతి లెస్ మూన్‌వెస్ వస్తుండేవాడు. మేవెదర్‌తో ఒప్పందమున్న షోటైమ్ టీవీ ఆయన కిందిదే. ఆ వెయిటర్‌కు పకియావ్ శిక్షకుడు ఫ్రెడ్డీ రోచ్ తెలుసు. ఇద్దరినీ కలిపాడు. తర్వాత తనకు రావాల్సిన కమీషన్ రాలేదని కోర్టుకెక్కాడు. లాయర్లు, ప్రమోటర్లు, రెండు టీవీ సంస్థలు ఐదేళ్లు కూర్చుని చేయలేని పనికి ప్లేట్లు అందించే మనిషి చెయ్యి కూడా పడాల్సి వచ్చింది! 2015 జనవరిలో మయామీలో ఒక బాస్కెట్‌బాల్ ఆట దగ్గర బాక్సర్లిద్దరూ అనుకోకుండా కలిసి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. అప్పుడు కథ నడిచింది.

పది లెక్కపెట్టు
మే 2న అది చూసి నేను నిద్రపోయాను. ఐదేళ్లు ఎదురుచూసి తొమ్మిదో రౌండ్‌కు గురక.

నీలి మూల
మీరే కాదు. మేవెదర్‌కు 38, పకియావ్‌కు 36. మధ్యలో జువాన్ మాన్యుయెల్ మార్కెజ్ అనే బాక్సర్ ఒక్క గుద్దుతో పకియావ్‌ను బోర్లా పడేశాడు. అయినా 46 లక్షల ఇళ్లలో డబ్బు కట్టి చూశారు. గేటు దగ్గరే 7 కోట్ల డాలర్లకు పైగా. పకియావ్ వాటా సగం నుంచి 40 శాతానికి తగ్గింది కానీ, ఆ 40 శాతం 2010 నాటి సగం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పోరును నానబెట్టడం అంటారే, అదే ఇది. నానబెట్టినవాళ్లు బాగుపడ్డారు, చూసినవాళ్లకు పాచిపోయింది దక్కింది.

మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్ కూడా ఇంతే. 2016 మే నెలలో ఆమిర్ ఖాన్‌ను పడగొట్టి, అందరూ అతనితో పోరు చూడాలనుకున్న గెన్నడీ గొలోవ్‌కిన్‌ను రింగులోకి పిలిచి మీసం మెలేశాడు. పది రోజులు దాటగానే డబ్ల్యూబీసీ బెల్టు వదులుకున్నాడు. గొలోవ్‌కిన్‌తో ఆడింది పదహారు నెలల తర్వాత. అప్పటికి గొలోవ్‌కిన్‌కు 35, కానెలోకు 27.

మూడో న్యాయనిర్ణేత
ఇందులో బాక్సర్ ఇష్టం ఎంత? వాళ్లు నేరుగా మాట్లాడుకుంటే సరిపోదా?

కాంట్రాక్టు పురుగు
కొన్నిసార్లు సరిపోతుంది. టెరెన్స్ క్రాఫోర్డ్, ఎరాల్ స్పెన్స్ మధ్య 2022 అంతా చర్చలు నడిచి చెడ్డాయి. ఖర్చుల లెక్కలు తనకు చూపించాలని క్రాఫోర్డ్ పట్టుబట్టాడు. న్యాయమైన కోరికే. అమెరికాలో 2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం ప్రకారం ప్రమోటర్ తనకు వచ్చే ఆదాయ వివరాలు బాక్సర్‌కు చెప్పాలి. తర్వాత ఇద్దరూ ఫోన్‌లో నేరుగా మాట్లాడుకున్నాక 2023 జులై 29 ఖాయమైంది. క్రాఫోర్డ్ తొమ్మిదో రౌండ్‌లో ముగించాడు.

పాత గ్లోవ్స్
అన్నీ డబ్బు కథలే చెబుతున్నారు. ఒకటి మరిచారు. హ్యారీ విల్స్. 1920లలో జాక్ డెంప్సీకి అసలైన ప్రత్యర్థి అతనే. నల్లవాడు కాబట్టి పోరు జరగనివ్వలేదు. విల్స్‌తో ఆడాలని న్యూయార్క్ కమిషన్ అంటే ప్రమోటర్ టెక్స్ రిక్కర్డ్, డెంప్సీకీ జీన్ టనీకీ మధ్య పోరును 1926 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాకు తరలించాడు. సంతకం చేసినందుకు విల్స్‌కు 50 వేల డాలర్లు ముట్టాయి, పోరు మాత్రం దక్కలేదు. ఇక్కడ ఎవరు తప్పించుకున్నట్టు? డెంప్సీనా, రిక్కర్డా, టికెట్లు కొనే జనమా? విల్స్ మాత్రం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డాడు.

నిర్వాహకుడు
ఈ అంశం మీద ఇంకా చెప్పాలనుకుంటే విల్స్, శామ్ లాంగ్‌ఫర్డ్ కాలం గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, పాత గ్లోవ్స్ గారే ప్రారంభిస్తే బాగుంటుంది. ఇక్కడ ఫ్యూరీ దగ్గరికి వద్దాం.

చివరి గంట
అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపించాను. ఎన్‌గాను దగ్గర ఎగిరి గంతేశాడు. వైన్‌స్టీన్ దగ్గర కొంచెం తగ్గాడు. నేను కూడా ఒకటి ఒప్పుకున్నాను: 70-30 అడిగినప్పుడు ఉసిక్ ఒప్పుకుంటాడని ఫ్యూరీ అనుకుని ఉండడు. 2024 మే 18న జరిగిన పోరులో ఒక న్యాయనిర్ణేత స్కోరు కార్డు ఫ్యూరీకే వచ్చిందని, అంత దగ్గరి పోరు ఆడగలిగినవాడు భయపడ్డాడంటే నమ్మనని మాత్రం అన్నాను. డిసెంబర్ రీమ్యాచ్‌లో ముగ్గురూ 116-112 ఉసిక్‌కే ఇచ్చారని అన్నయ్య గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టాడు. అమ్మ చూసి ఇద్దరినీ కలిపి తిట్టింది. ఇప్పుడు కొత్త వాదన, ఆ గోడ ఎవరు తుడవాలని. ప్రస్తుతానికి 60-40 దగ్గర ఉన్నాం.